రెక్క మీద అరసున్న: కామా సీతాకోకచిలుక కోసం హియర్‌ఫర్డ్‌షైర్‌లో కొన్ని రోజులు

మొదటి రోజు, జూలై 5, బర్మింగ్‌హామ్

విజయవాడలో ఒక ప్రచురణాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. కామా అంటే నాకు కాగితం మీది గుర్తు. వాక్యం మధ్యలో పాఠకుడు ఊపిరి తీసుకోవడానికి మనం వదిలే జాగా అది. అక్కరలేని చోట పడితే ఎర్ర సిరాతో కొట్టివేయవలసింది. ఆ పేరుతో ఒక సీతాకోకచిలుక ఉన్నదని పోయిన ఏడాది ఆశ్వయుజంలో నాకు తెలిసింది. పదేళ్ల మనవరాలు ఇక్కడి నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, నీ కామా మా తోటలో వాలింది" అని చెప్పింది. ఆ వెనకే ఒక ఫొటో పంపింది. కుళ్లిన యాపిల్ పండు మీద ఎండుటాకు ముక్క ఒకటి నిలబడినట్టు ఉంది, దాని నడుమ చిన్న తెల్లని వంపు గీత ఉంది. ఆకు కాదని, రెక్కలు మూసుకొని పండు రసం తాగుతున్న సీతాకోకచిలుక అని ఫొటో పెద్దది చేసి చూస్తే గాని నాకు అర్థం కాలేదు.

ఆ చలికాలమంతా దాని గురించి దొరికినదల్లా చదివాను. అచ్చులో మనం వాడే గుర్తుల పేర్లతో పిలవబడే పురుగులు ఇది ఒక్కటే కాదని, కామాతో పాటు ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, చుక్క, అడ్డగీత కూడా రెక్కల మీద ఉన్నాయని తెలిశాక, ఈ వేసవికి ఇక్కడికి రాగానే మా అమ్మాయిని ఒకటే అడిగాను: లండన్ తర్వాత చూద్దాం, ముందు నన్ను కామాల దేశానికి తీసుకువెళ్లు. కామాల దేశమంటే ఇంగ్లండు పడమటి అంచున, వేల్స్ సరిహద్దును ఆనుకొని ఉన్న హియర్‌ఫర్డ్‌షైర్ జిల్లా. ఒకప్పుడు ఈ సీతాకోకచిలుక దేశమంతటా అంతరించిపోతున్న కాలంలో అక్కడి హాప్ తోటలే, అంటే బీరు తయారీలో వాడే ఒక తీగ తోటలే, దానికి ఆశ్రయమిచ్చాయి. అక్కడే ఒక పల్లెలో ఒక గృహిణి దాని కోసం కలం పట్టింది.

సాయంత్రం పెరటిలో తిరిగాను. చెత్తడబ్బాల వెనుక కంచె వెంబడి నెటిల్ మొక్కలు నడుమెత్తున పెరిగి ఉన్నాయి. మన దురదగొండికి ఇది చుట్టం కాదు గాని, తాకితే చేసే మంటలో దానికి తీసిపోదు. మా అల్లుడు ఆ వారాంతంలో వాటిని కోసివేయాలని అనుకుంటున్నాడు. ఇప్పటి కామా గొంగళిపురుగులకు ప్రధానమైన తిండి ఆ ఆకేనని చెప్పి, నేను ఊరి నుంచి తిరిగి వచ్చే దాకా ఆగమన్నాను. అతను కొడవలి పక్కన పెట్టాడు.

రెండో రోజు, జూలై 6, బర్మింగ్‌హామ్

పక్కింటాయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. రాత్రిపూట తోటలో దీపపు పెట్టె పెట్టి, సీతాకోకచిలుకలకు చుట్టాలైన చిమ్మటలను పట్టి, లెక్క రాసుకొని, తెల్లవారగానే విడిచిపెట్టడం ఆయన అలవాటు. నా ఆసక్తి తెలిసి ఉదయం ఆరింటికే రమ్మన్నారు. పెట్టె మీద కాంతివంతమైన బల్బు ఉంటుంది. లోపల కోడిగుడ్ల అట్టలు పేర్చి ఉంటాయి. వెలుగుకు వచ్చిన చిమ్మటలు గరాటులోంచి లోపలికి జారి, తెల్లవారేసరికి ఆ అట్టల గుంటల్లో దాక్కొని ఉంటాయి. ఆయన ఒక్కొక్క అట్టను మెల్లగా ఎత్తి తిప్పి చూపుతుంటే, పాత అచ్చుశాలలో కంపోజిటర్ అక్షరాల పెట్టె అరలను ముందుకు లాగిన దృశ్యం నా కళ్ల ముందు కదిలింది. ఆ పోలిక నా మనసులోంచి వచ్చిందే గాని, పెట్టెలో నిజంగానే అక్షరాలు ఉన్నాయి. సిల్వర్ వై అనే చిమ్మట రెక్క మీద వెండితో రాసినట్టు వై అక్షరం ఉంది. శాస్త్రీయ నామంలో దాన్నే గ్రీకు గామా అన్నారు. సిటేషియస్ హీబ్రూ క్యారెక్టర్ అనే ఇంకొకదాని మీద నల్లని హీబ్రూ అక్షరం ఉంది. మూడో అట్టలో డాట్ మాత్ కనిపించింది. బొగ్గు రంగు రెక్క మీద ఒక్కటే తెల్లని మచ్చ, వాక్యం ముగిసిందన్నట్టు పెట్టిన చుక్క.

నేను చూడాలనుకున్నది మాత్రం అట్టకు నాలుగైదు చొప్పున ఉన్న ఒక మామూలు గోధుమరంగు చిమ్మట. ఇంగ్లీషు వారు దీన్ని హార్ట్ అండ్ డార్ట్ అంటారు. రెక్క మీద ఒక గుండె ఆకారపు మచ్చ, ఒక బాణపు ములుకు లాంటి నల్లని గీత ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మాత్రం ఆ గీతనూ మచ్చనూ కలిపి చదివి, దీనికి ఆశ్చర్యార్థకమని అర్థం వచ్చే ఎక్స్‌క్లమేషనిస్ అనే పేరు పెట్టాడు. జర్మన్ భాషలో దీన్ని ఈనాటికీ ఆశ్చర్యార్థక చిహ్నమనే పిలుస్తారు. భూతద్దంలో చాలాసేపు చూశాను. గీత మొదట్లో వెడల్పుగా ఉండి చివరకు సన్నబడింది, కొంచెం దూరంలో మచ్చ ఉంది. సీసపు అచ్చులో ఆశ్చర్యార్థకాన్ని కూడా అలాగే పైన లావుగా, కింద సన్నంగా పోతపోసేవారు. రెండున్నర శతాబ్దాల కిందటి కళ్లకు అది కనిపించడంలో నాకు వింత ఏమీ తోచలేదు. వింతగా తోచింది మరొకటి. మన సీతాకోకచిలుక పేరులో సీతమ్మ ఉంది, కోక ఉంది, చిలుక ఉంది, కాగితం లేదు. మనవారు రెక్కను చూసి నేతను తలచుకున్నారు. వీరు రెక్కను చూసి అచ్చుపుటను తలచుకున్నారు. రోజంతా ఏ పని చేసే కన్ను ఆ పని గుర్తులనే లోకంలో వెతుక్కుంటుంది కాబోలు.

లెక్క పూర్తయ్యాక ఆయన అట్టలన్నీ పొదల లోపలికి తీసుకువెళ్లి, పక్షులు చూడని చోట ఒక్కొక్కటిగా విదిలించారు. లేత నిమ్మపండు రంగులో, తోక రెక్కలతో ఉన్న స్వాలోటెయిల్డ్ మాత్ మాత్రం ఎంతకీ కదలలేదు. దాన్ని ఒక ఆకు మీదికి ఎక్కించి, "మీరు వెళ్తున్న పల్లెలో కథ దీనితోనే మొదలైంది" అని ఆయన నాకు ఇంగ్లీషులో చెప్పారు. అప్పటికి నాకు అర్థం కాలేదు.

మూడో రోజు, జూలై 7, హియర్‌ఫర్డ్

మా అమ్మాయి, మనవరాలు, నేను న్యూస్ట్రీట్ స్టేషనులో రైలెక్కాం. వూస్టర్ దాటాక మాల్వెర్న్ కొండలు ఎదురొచ్చాయి. రైలు ఆ కొండల కింది సొరంగంలోంచి, తర్వాత లెడ్‌బరీ ముందున్న ఇంకొక సొరంగంలోంచి దూరి అవతలి వైపు తేలేసరికి ఆకాశం నల్లబడి ఉంది. హియర్‌ఫర్డ్‌లో దిగేటప్పటికి వాన పట్టుకుంది. వానలో సీతాకోకచిలుకలు ఎగరవు కనుక ఆ పూట కెథడ్రల్ అనే పెద్ద చర్చిలోని గొలుసుల గ్రంథాలయానికి కేటాయించాం.

ఆ గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. 17వ శతాబ్దంలో చేసిన బీరువాలు, వాటిలో వరుసగా పుస్తకాలు, ప్రతి పుస్తకపు అట్ట అంచు నుంచి వేలాడే ఇనుప గొలుసు, ఆ గొలుసులన్నీ చేరే కడ్డీ, కడ్డీకి తాళం అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పుస్తకాలను వెన్ను లోపలికి, పుటల అంచు బయటికి ఉండేలా నిలబెట్టారు; గొలుసు మెలిపడకుండా పుస్తకాన్ని బల్ల మీదికి దించుకోవాలంటే అదే మార్గం. ఇక్కడి చేతిరాత ప్రతులలో 8వ శతాబ్దపు సువార్త గ్రంథం ఒకటి ఉంది. చూపడానికి ఉంచిన ఒక పాత లాటిన్ పుట ముందు నేను ఆగిపోయాను. అందులో మనం ఎరిగిన కామా లేదు. పంక్తి అడుగున, నడుమ, పైన చుక్కలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో అరిస్టొఫేనిస్ అనే పండితుడు మూడు ఎత్తుల్లో పెట్టిన చుక్కలకు ఇవి వారసులు. కామా అన్న మాటకు గ్రీకులో నరికిన ముక్క అని అర్థం. అంటే మొదట అది వాక్యంలో ఒక తునకకు పేరు. తర్వాతి కాలంలో ఆ తునక చివర పెట్టే గుర్తుకు పేరయింది. ఈ వంపు తోక ఆకారం 15వ శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుశాల నుంచి స్థిరపడింది.

మన తాటాకు ప్రతులలో కామా ఉండేది కాదు. గంటంతో రాసేవారు పద్యం చివర నిలువు గీతలు గీసి ఊరుకునేవారు. ఎక్కడ ఆగాలో ఛందస్సు చెప్పేది. అల్పవిరామమని పేరు పెట్టుకొని మనం దీన్ని అచ్చుయంత్రంతో పాటు తెచ్చుకున్నాం. నరికిన ముక్క అనే అర్థం నాకు ఇంకొక కారణంగా గుర్తుండిపోయింది. ఈ సీతాకోకచిలుక రెక్కల అంచులు కత్తెరతో గజిబిజిగా కత్తిరించినట్టు ఉంటాయి. దాని ప్రజాతి నామమైన పాలిగోనియాకు అనేక కోణాలు గలది అని అర్థం. పేరు పెట్టినవారు గ్రీకు అర్థాన్ని ఉద్దేశించి ఉండరు, అయినా మాట రెండు విధాలా అతికింది.

రాత్రి డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకుతో మాట్లాడాను. "పెద్దమ్మా, మా వెనక పెరట్లో హ్యాక్‌బెర్రీ చెట్టు ఉంది, దాని మీద నీ వాళ్లే ఉంటారు చూడు" అని ఒక ఫొటో పంపాడు. అది క్వశ్చన్ మార్క్. అమెరికా ఖండపు జాతి, మన కామాకు దగ్గరి బంధువు. రెక్క అడుగున వెండి వంపు పక్కనే ఒక వెండి చుక్క ఉంటుంది. ఆ ఒక్క చుక్కతో కామా కాస్తా ప్రశ్నార్థకమైంది. 1798లో ఫాబ్రీషియస్ దానికి శాస్త్రీయ నామం కూడా అదే అర్థంలో పెట్టాడు. అక్కడే ఈస్టర్న్ కామా అనే మరొక జాతి ఉంది. హాప్ తీగల మీద దాని ప్యూపాలు, అంటే గొంగళికి రెక్కలు వచ్చే ముందటి తొడుగులు, వేలాడేవి కనుక దానికి హాప్ మర్చంట్ అన్న పేరు కూడా వచ్చింది. ప్యూపా మీది లోహపు మచ్చలు బంగారు రంగులో ఉంటే ఆ ఏడాది హాప్ ధర పెరుగుతుందని, వెండి రంగులో ఉంటే పడిపోతుందని రైతులు చెప్పుకొనేవారు. లాంగ్ డాష్, బ్రోకెన్ డాష్ అనే పేర్లతో చిన్న సీతాకోకచిలుకలు కూడా ఆ దేశంలో ఉన్నాయి. మగవాటి ముందు రెక్క మీది నల్లని గీత పొడుగ్గా ఉంటే ఒకటి, నడుమ విరిగి ఉంటే ఒకటి. విరిగిన అడ్డగీతను కూడా వేరుగా గుర్తించి పేరు పెట్టిన ఆ శ్రద్ధకు, ప్రూఫులు దిద్దిన మనిషిగా నా మనసు నిండిపోయింది.

నాలుగో రోజు, జూలై 8, లెడ్‌బరీ పరిసరాలు

వాన వెలిసింది. లెడ్‌బరీ దగ్గర ఒక రైతు ముందే ఫోనులో అనుమతి ఇచ్చి ఉండటంతో ఉదయం తొమ్మిదింటికే హాప్ తోటకు చేరాం. కెంట్ జిల్లాలో దీన్ని హాప్ గార్డెన్ అంటారు, ఇక్కడ హాప్ యార్డ్ అంటారు. రైతు ఆ తేడా గట్టిగా చెప్పారు. మూడు నిలువుల ఎత్తున స్తంభాలు, వాటి తలల మీద తీగల అల్లిక, ఆ అల్లిక నుంచి నేల దాకా దిగిన తాళ్లు, తాళ్లను చుట్టుకొని పైదాకా ఎగబాకిన హాప్ తీగలు. మన తమలపాకు తోటల్లో నడిచినవారికి ఆ నీడ, ఆ తేమ, వరుసల మధ్య నడుస్తుంటే చెవికి తగిలే ఆ నిశ్శబ్దం కొత్త కాదు. ఆకు మాత్రం గరుకు. బీరుకు చేదును, వాసనను ఇచ్చే హాప్ పూగుత్తులు సెప్టెంబరులో గాని కోతకు రావు; ఇప్పుడు పూత మొదలయ్యే దశ. పూర్వం ఆ కోతల కోసం సౌత్ వేల్స్ గనుల ఊళ్ల నుంచి, బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న బ్లాక్ కంట్రీ నుంచి కుటుంబాలకు కుటుంబాలు తరలి వచ్చి వారాల తరబడి ఇక్కడే ఉండేవి.

ఈ తోటకూ మా సీతాకోకచిలుకకూ ఉన్న సంబంధం ఇక్కడ చెప్పాలి. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో చాలా చోట్ల కనిపించిన కామా, ఆ శతాబ్దం గడిచేకొద్దీ ఒక్కొక్క జిల్లా నుంచే మాయమైంది. చివరకు వేల్స్ సరిహద్దు జిల్లాలలోనే దానికి గట్టి పట్టు మిగిలింది. ఆ కాలంలో దాని గొంగళిపురుగులు ముఖ్యంగా హాప్ ఆకు తినేవి. కోత అయ్యాక తీగలను పోగుపెట్టి తగలబెట్టడం రైతుల ఆచారం. ఆ మంటల్లో ఇంకా ఎగరని గొంగళ్లు, ప్యూపాలు ఎన్నో కాలిపోయేవి. ఈ విషయాన్ని 1881లో ఒక కీటకశాస్త్ర పత్రికలో రాసిన మనిషి ఎమ్మా హచిన్సన్. రేపు మేం వెళ్లబోయేది ఆమె పల్లెకే.

కామా తరిగిపోవడానికి హాప్ సాగు తగ్గడం ఒక్కటే కారణమని చెప్పడానికి లేదు. 20వ శతాబ్దపు రెండో దశకం నుంచి కామా మళ్లీ విస్తరించింది, ఇటీవలి దశాబ్దాలలో స్కాట్లండు దాకా పోయింది. వాతావరణం వెచ్చబడటం అందులో పెద్ద కారణం. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, ఈ గొంగళ్లు హాప్ ఆకు మీద కంటే నెటిల్ మీద, విచ్ ఎల్మ్ చెట్టు ఆకు మీద బాగా ఎదుగుతున్నట్టు తేలింది. తోటల్లో సాగుచేసే ఒక్క పైరును నమ్ముకున్న ప్రాణి దారి పక్కన ఎవరూ విత్తని కలుపు మొక్కకు మారింది, అంతటా దొరికే తిండి దానికి అంతటా చోటు చూపింది. రైతు తోటలో రెండు గంటలు తిరిగినా మాకు ఒక్క గొంగళి కూడా కనిపించలేదు. తోట చివర గట్టు మీద నెటిల్ దట్టంగా ఉంది. అక్కడ మనవరాలు ఒక ఆకు అంచున ఆకుపచ్చని గుడ్డును చూపింది. ఆవగింజ కంటే చిన్నది, పైనుంచి కిందికి తెల్లని గీతలు తీర్చినట్టు ఉన్నాయి. ఒక ఆకుకు ఒకే గుడ్డు. అది దేనిదో ఖాయంగా చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. ముట్టుకోకుండా వచ్చేశాం.

ఐదో రోజు, జూలై 9, కింబోల్టన్

హియర్‌ఫర్డ్ నుంచి లెమ్‌స్టర్‌కు రైలులో పావుగంట. ఇంగ్లీషులో ఆ ఊరి పేరు అక్షరాలా చదివితే ఇంకెలాగో వస్తుంది, పలికేది మాత్రం లెమ్‌స్టర్ అనే. అక్కడి నుంచి కింబోల్టన్‌కు మూడు మైళ్లు, టాక్సీలో వెళ్లాం. చర్చి, ఎత్తుపల్లాల పొలాలు, పొదల కంచెలు, ఆ కంచెల నడుమ లోతుగా పోయే సన్నని దారులు. ఊరు ఊరంతా ఇంతే.

ఎమ్మా హచిన్సన్ 1820లో పుట్టి 1906లో మరణించారు. ఆమె భర్త ఈ ఊరి చర్చి వికార్, అంటే పాదిరి. వారు గ్రాంట్స్‌ఫీల్డ్ అనే ఇంట్లో ఉండేవారు. ఐదేళ్ల కొడుకు ఒకనాడు పట్టి తెచ్చిన స్వాలోటెయిల్డ్ మాత్ చూసి ఆమె ఈ దారిలోకి వచ్చారని చెబుతారు. పక్కింటాయన మొన్న ఆకు మీదికి ఎక్కించి చూపినది ఆ చిమ్మటనే. ఆనాటి నుంచి దాదాపు జీవితమంతా ఆమె గుడ్లు తెచ్చి, గొంగళ్లను పెంచి, ఏ ఆకు తింటున్నాయో, ఎన్నాళ్లకు రెక్కలు వస్తున్నాయో రాసుకుంటూ గడిపారు. కామా తరిగిపోతుంటే, తాను పెంచిన గొంగళ్లను, ప్యూపాలను ఇతర జిల్లాల పరిశీలకులకు పంపి, అక్కడ మళ్లీ నిలదొక్కుకునేలా చేయాలని ప్రయత్నించారు. ఆ జిల్లాకు ఉన్న ప్రకృతి పరిశీలకుల సంఘం వూల్‌హోప్ నాచురలిస్ట్స్ ఫీల్డ్ క్లబ్ 1851లో పుట్టింది. స్త్రీలను సభ్యులుగా తీసుకున్నది 1954లో. అంటే ఆ ప్రాంతపు సీతాకోకచిలుకల గురించి అంత తెలిసిన మనిషి ఏనాడూ ఆ సంఘంలో సభ్యురాలు కాలేదు. ఇది చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఆమె పేరు మాత్రం సీతాకోకచిలుక మీదే నిలిచింది. వేసవి నడుమ పుట్టే లేతరంగు కామాలను శాస్త్రవేత్తలు హచిన్సనీ రూపమని పిలుస్తారు.

ఆ రూపం ఎందుకు వస్తుందన్నది ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి. చలికాలమంతా నిద్రపోయి వసంతంలో లేచిన కామాలు గుడ్లు పెడతాయి. ఆ గొంగళ్లలో, పగటి పొద్దు ఇంకా పెరుగుతున్న రోజులలో ఎదిగి ముగించినవి లేతరంగు కామాలవుతాయి. అవి ఆలస్యం చేయకుండా వెంటనే జతకట్టి రెండో తరానికి గుడ్లు పెడతాయి. జూన్ చివరి వారంతో పొద్దు తరగడం మొదలవుతుంది కదా, ఆ తరిగే పగళ్లలో ఎదిగినవి ముదురు రంగు కామాలవుతాయి. అవి ఆ ఏడాది గుడ్లు పెట్టవు. పండ్ల రసం, తేనె తాగి బలపడి, చలికాలం దాటడానికి చెట్ల మాటున నిద్రకు పోతాయి. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి కూడా రెండు రకాలూ రావచ్చు. స్వీడన్‌లో సోరెన్ నీలిన్ అనే శాస్త్రవేత్త దీపాల కింద పగటి పొడవును మార్చి పెంచి ఈ సంగతిని రుజువు చేశాడు. పొద్దు ఎంత ఉన్నదన్నదే కాదు, పెరుగుతున్నదా తరుగుతున్నదా అన్నది కూడా ఆ చిన్న ప్రాణి కొలుచుకుంటుంది. మా విజయవాడలో ఏడాదిలో అతి పొడుగైన పగలు పదమూడు గంటలు. ఇక్కడ ఈ వారం పదహారున్నర. తొమ్మిదిన్నరకు గాని చీకటి పడని ఈ ఊళ్లోనే అలాంటి గడియారం అవసరమనిపించింది.

పదకొండు గంటలకు చర్చి వెనక దారిలో బ్లాక్‌బెర్రీ పొద మీద అది వచ్చి వాలింది. ముందు రెక్కలు విప్పి ఎండకు పెట్టింది. కాచిన నెయ్యిలో వేయించిన జాంగ్రీ రంగు, దాని మీద నల్లని మచ్చలు, అంచులు ముక్కలు ముక్కలుగా కోసినట్టు. లేత రంగును బట్టి హచిన్సనీయే అని మనవరాలు పుస్తకంతో పోల్చి చెప్పింది. ఎమ్మా గారి ఊళ్లో ఎమ్మా గారి రూపమే మాకు ఎదురైంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కొంతసేపటికి రెక్కలు మూసింది. నారింజ రంగు అంతా ఒక్కసారిగా మాయమై, వెనక రెక్క అడుగున గోధుమరంగు పలక మీద ఆ తెల్లని గీత నిలిచింది.

అది కామా కాదు. నేను చూసిన మొదటి క్షణంలో నా నోట వచ్చిన మాట "అరసున్న". లిన్నేయస్ దాన్ని చూసి లాటిన్‌లో తెల్లని సీ అక్షరం అన్నాడు, ఇంగ్లీషు వారు కామా అన్నారు. మా నాన్నగారు ఉత్తరాలలో చివరి దాకా వదలని ఆ సగం సున్న, వాఁడు అనే మాటలో వకారం పక్కన నిలబడే ఆ వంపు, ఇక్కడ ఈ రెక్క మీద ఉంది. ఏఁడు అని అరసున్నతో రాస్తే సంవత్సరం, లేకుండా రాస్తే సంఖ్య. ఆ తేడా చెవికి వినిపించడం మానేశాక కంటికి కూడా అక్కరలేదని మనవారు దాన్ని వదిలేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కావ్యాల పునర్ముద్రణకు మాత్రమే అచ్చు అక్షరాల పెట్టెలో దాని అర తెరిచేవారు.

మనవరాలు పొదకు అటువైపు నిలబడి, "అమ్మమ్మా, నా వైపు తిరగబడి ఉంది" అన్నది. నిజమే. రెండు రెక్కల మీదా ఒకే గుర్తు ఉంది గనుక, ఒక పక్క నుంచి తిన్నగా కనిపించేది రెండో పక్క నుంచి అద్దంలో వలె తిరగబడుతుంది. సీసపు అచ్చును, దానితో వేసిన ముద్రను పక్కపక్కన పెట్టినట్టు ఉంది. కంపోజిటర్లు తిరగబడిన అక్షరాలనే సులువుగా చదివేవారు. మనవరాలి వైపుది కంపోజిటర్ చదివేది, నా వైపుది ప్రూఫ్ రీడర్ చదివేది. ఈ మాట దానికి వివరించడానికి నాకు పది నిమిషాలు పట్టింది, అది ఓపికగా విన్నది. అంత సేపూ సీతాకోకచిలుక ఆ పువ్వు మీదే ఉంది.

ఆ తెల్ల గీత దానికి ఎందుకు? ఎండుటాకు వేషం వేసిన రెక్క మీద అది ఆకు చినిగి వెలుతురు దూరిన చిన్న పగులులా కనిపిస్తుందని ఒక వివరణ ఉంది. దగ్గర నుంచి చూశాక నాకు అది సరైనదే అనిపించింది. రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ వెతికితే, ఎక్కడ ఉన్నదో తెలిసిన నాకే వెంటనే దొరకలేదు.

మధ్యాహ్నం దాకా ఇంకొక మూడు చూశాం. అందులో ఒకటి ముదురు రంగుది, అడుగు భాగం తడిసిన చెట్టు బెరడులా నల్లగా ఉంది. ఒకే దారిలో, ఒకే రోజున రెండు రూపాలూ కనిపించాయి.

ఆరో రోజు, జూలై 10, తిరిగి బర్మింగ్‌హామ్

రైలు ప్రయాణంలో చెప్పుకోదగినది ఏమీ లేదు. ఇంటికి చేరగానే మనవరాలు సంచీ కూడా దించకుండా పెరటిలోకి పరుగెత్తింది. చెత్తడబ్బాల వెనుక నెటిల్ ఆకులను పుల్లతో ఒక్కొక్కటే తిప్పి చూసింది. అరగంట తర్వాత కేక వేసింది. ఆకు అడుగున, పిట్ట రెట్ట పడినట్టు, ముందు సగం నలుపు నారింజ కలిసి, వెనక సగం వీపు తెల్లగా, ఒళ్లంతా కొమ్మలేసిన ముళ్లతో ఒక గొంగళిపురుగు ఉంది. పక్షులు దాన్ని రెట్ట అనుకొని తినకుండా పోవాలన్నదే ఆ తెల్లదనం. కామా గొంగళి గురించి మేం చదివిన వివరాలన్నీ సరిపోయాయి. పక్కింటాయన కంచె మీదుగా వంగి చూసి తల ఊపారు.

పొద్దు తరగడం మొదలై మూడు వారాలు కావస్తున్నది. కాబట్టి ఇది ముదురు రంగుదే కావాలి అని నేను అన్నాను. మనవరాలు తన నోటుపుస్తకంలో తేదీ వేసి, ఆ పక్కన ఒక పెద్ద అరసున్న గీసి, దాని పక్కన ముదురు అని తెలుగులోనే రాసుకున్నది. మా అల్లుడు కంచె వెంబడి అంతవరకు తాడు కట్టి, ఆ లోపల కోయనని మాట ఇచ్చాడు.

ఆగస్టు 11, విజయవాడ

నేను జూలై చివర తిరిగి వచ్చాను. అప్పటికే గొంగళి కాండానికి తలకిందులుగా వేలాడి ప్యూపా అయింది. మనవరాలు పంపిన ఫొటోలో దాని నడుము దగ్గర లోహపు మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. అవి బంగారమా వెండా అని అడిగితే, వెండే అని రాసింది. మా ఇంట్లో ఎవరికీ హాప్ వ్యాపారం లేదు కనుక ధర గురించి దిగులు పడలేదు.

ఈ ఉదయం మరొక ఫొటో వచ్చింది. ఖాళీ ప్యూపా తొడుగు పక్కన, ఇంకా రెక్కలు పూర్తిగా ఆరని కామా వేలాడుతున్నది. అడుగు భాగం ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. దాని మీద అరసున్న కొత్త సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా ఉంది. ఫొటో కింద మనవరాలు ఒక్క వాక్యం రాసింది: "అమ్మమ్మా, ముదురే, ఇంక మార్చి దాకా నిద్రపోతుంది." కామా సరిగ్గా పెట్టింది.